సముద్రం వైపు గోడకి పసుపు రంగు

1982 నవంబరు. నాకప్పుడు ఇరవై ఏడేళ్లు. యారాడ కొండకి అవతల, సముద్రం మీదికి వంగి చూస్తున్నట్టుండే మిట్ట మీద ఒక చిన్న పంచాయతీకి నేను ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ని. ఊరి పేరు చెప్పను. ఇందులో తప్పు నాది, ఊరిని లాగడం భావ్యం కాదు. ఉద్యోగం పేరు పెద్దదే గానీ చేసేది గుమాస్తా పనే. ఇంటిపన్ను వసూలు, వీధి దీపాలు, నూతుల్లో బ్లీచింగు పౌడరు, జనన మరణాల రిజిస్టరు, నెలకో సమావేశం. రోజూ గోపాలపట్నంలో మొదటి బస్సెక్కి, మల్కాపురం దగ్గర దిగి, కొండదారి పట్టి నడిచేవాణ్ణి. పైకి చేరేసరికి ఆయాసంతో పాటు కోపం కూడా వచ్చేసేది. అది నా స్వభావం, ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఊరు రెండు ముక్కలుగా ఉండేది. కొండ మీద రైతులు, వాళ్ల జీడితోటలు. కింద ఒడ్డున జాలర్లు, వాళ్ల తెప్పలు. సర్పంచితో కలిపి పంచాయతీకి పదిమంది సభ్యులైతే ఆరుగురు పైవాళ్లు, నలుగురు కిందవాళ్లు. ఆ నలుగురిలో ఆడవాళ్లకి కేటాయించిన సీటులో గెలిచిన నూకాలమ్మ ఒకతె. చేపలు అమ్ముకునే మనిషి. గంపతో టౌనంతా తిరిగి బేరాలాడే ఆవిడ, సమావేశానికి వస్తే మాత్రం గోడవారగా కూర్చుని ఒక్క మాట కూడా మాట్లాడేది కాదు.

మా పంచాయతీలో ఒక అలవాటుండేది. సమావేశానికి వచ్చినవాళ్లు వచ్చినట్టే మినిట్స్ బుక్కులో, అంటే తీర్మానాలు రాసే పుస్తకంలో, ఖాళీ పేజీ అడుగున సంతకాలు పెట్టేసేవారు. పైవాళ్లకి తోటలో పని, కిందవాళ్లకి వలల పని. టీ తాగి, పది నిమిషాలు మాట్లాడుకుని వెళ్లిపోయేవారు. తీరిగ్గా నేను తీర్మానం రాసేవాణ్ణి. నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని అందరూ అనేవారు, అది విని నేను పొంగిపోయేవాణ్ణి. నాకు ముందున్నాయన కూడా ఇలాగే చేశాడు. ఇందులో తప్పుందని నాకు తట్టనే లేదు.

డిసెంబరు మొదటి వారంలో ఇన్‌స్పెక్షన్ అని కబురొచ్చింది. పై అధికారి వచ్చి రికార్డులన్నీ తిరగేసి, చివర్లో ఒక నోట్ రాసి వెళ్తాడు. నేనింకా ప్రొబేషన్‌లో ఉన్నాను. అంటే కొత్తవాణ్ణి రెండేళ్లు చూసి, పని నచ్చితేనే ఉద్యోగం ఖాయం చేస్తారు. ఆ నోట్ మీదే నా భవిష్యత్తు ఉందని నాకు గట్టి నమ్మకం. రికార్డులు బాగానే ఉన్నాయి, ఆఫీసే వెలవెలబోతోంది. ఎప్పటి నుంచో ఏటేటా వెల్ల వేస్తూ వచ్చిన పొడవాటి బిల్డింగు. తెల్లగోడలు చూస్తే నాకు ధర్మాసుపత్రి గుర్తొచ్చేది. పసుపు రంగు వేయిస్తే ఎలా ఉంటుందని సర్పంచి సన్యాసినాయుడుగారిని అడిగాను.

ఆయన మొహం వెలిగిపోయింది. "పసుపు సుబమండి ఈవోగారూ! పెళ్లికూతుర్లాగ ఉంటాది మన ఆఫీసు. అలగే కానియ్యండి" అన్నారు.

నవంబరు సమావేశంలో "ఇన్‌స్పెక్షనుంది, ఆఫీసుకి సున్నం వేయిద్దాం" అన్నాను. ఏటా జరిగేదే కదా అని అందరూ తలూపారు. అప్పటికే సంతకాలూ, నూకాలమ్మ వేలిముద్రా పేజీ అడుగున ఉన్నాయి. వాళ్లు వెళ్లాక "భవనమునకు నాలుగు వైపులా పసుపు రంగు వేయించుటకు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది" అని ముత్యాల దస్తూరీతో రాశాను. ఏకగ్రీవం అన్న మాట రాసేటప్పుడు కలం కూడా తడబడలేదు.

టౌనులోని పాతపట్నం నుంచి వెల్లలేసే మస్తాన్ సాహెబు వచ్చి, సున్నంలో పసుపు పొడి కలిపి, రెండు రోజుల్లో ముస్తాబు చేసేశాడు. అబ్బ, ఎంత బావుందో! గేటు దగ్గర నుంచోని అటునుంచీ ఇటునుంచీ చూసుకున్నాను. దారిన పోయేవాళ్లని ఆపి మరీ ఎలా ఉందని అడిగాను.

ఐదో రోజు పొద్దున్న పది గంటలకి కింద నుంచి ఇరవై మంది జాలర్లు మెట్టెక్కి వచ్చారు. ముందు నడుస్తున్నవాడు ఎర్రయ్య, ఆ ఒడ్డున తెప్పలన్నిటికీ పెద్ద. యాభై దాటినవాడు, నూకాలమ్మకి తమ్ముడు. వెనక నూకాలమ్మ కూడా ఉంది.

"ఎవర్నడిగి ఏసినావు బాబూ ఈ రంగు?" అన్నాడు ఎర్రయ్య. పలకరింపు లేదు, ఏమీ లేదు.

నాకు సర్రున ఎక్కింది. "ఎవర్నడగాలి? పంచాయతీ తీర్మానం ఉంది. ఆఫీసుకి రంగేస్తే నీకేటయ్యా నష్టం?"

"ఏటి నష్టమా? నాలుగు రోజులయ్యింది మాకు బండ దొరక్క. ఈ నెలంతా వంజరం సేప ఆ బండ మీదే ఉంటాది. ఈ నెల ఎల్లిపోతే మళ్లీ వచ్చే ఏడే. ఏడు తెప్పలూ ఒట్టి సేతుల్తో వత్తన్నాయి. మా ఇళ్లల్లో పొయ్యి ఎలగ ఎలగాల?"

"ఏ బండ?"

"ఆఫీసు బండ."

నేను నవ్వేశాను. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఎర్రయ్య మొహం కందిపోయింది. అక్క అతని భుజం మీద చెయ్యేసి వెనక్కి లాగింది. నేనేమో లోపలికెళ్లి మినిట్స్ బుక్కు తెచ్చి నూకాలమ్మ ముందు తెరిచాను. "ఇదిగో తీర్మానం. ఇది నీ వేలిముద్ర కాదా?"

ఆవిడ వంగి చూసింది. "ఏలిముద్ర నాదే బాబూ. నాను ఏసినప్పుడు ఈ అచ్చరాలు నేవు. కాయితం కాళీగా ఉంది" అంది.

అంతే. గట్టిగా అనలేదు, కోప్పడలేదు. ఇరవై మంది నన్నే చూస్తున్నారు. తప్పు తెలిసినా ఒప్పుకునే వయసు కాదది. "గోడ రంగుకీ సముద్రంలో చేపలకీ సంబంధమేమిటి? బుర్రలేని మాట" అన్నాను.

"అయితే రేపు మాతో సంద్రంలోకి రా" అంది నూకాలమ్మ. "అక్కడ్నించి నీ ఆఫీసు ఏదో నువ్వే సూపించు. సూపించినావంటే మేం మళ్లీ ఈ మెట్టెక్కం."

"వస్తాను. సర్పంచిగారిని కూడా తెస్తాను" అన్నాను పౌరుషంగా.

గుమ్మంలో నుంచున్న నాయుడుగారు ఉలిక్కిపడ్డారు. "నన్నెందుకండి ఇందులోకి లాగుతారు?" అన్నారు. ఆయన పుట్టింది ఆ కొండ మీదే, పొద్దున్న లేస్తే కళ్లెదురుగా సముద్రమే. కానీ యాభై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా పడవెక్కలేదు. ఊరంతా నవ్వడంతో ఇక తప్పించుకోలేకపోయారు.

మర్నాడు తెలతెలవారుతుండగా బయల్దేరాం. మాకోసం తెప్ప కాకుండా పెద్ద పడవ తీశారు. కెరటాలు దాటేదాకా నాయుడుగారు పైపంచెతో తనను తాను బల్లకి కట్టేసుకుని "ఓలమ్మో, ఓలమ్మో" అంటూనే ఉన్నారు. దాటాక ఆ మాట అనడానికి కూడా ఓపిక లేకపోయింది, ఒకటే వాంతులు. నా పరిస్థితి అంతకంటే గొప్పగా ఏమీ లేదు. "నీళ్లకేసి సూడకండి నాయుడుగారూ, కొండకేసి సూడండి" అని ఎర్రయ్య ధైర్యం చెప్పాడు.

పొద్దు పొడిచింది. ఎండ సూటిగా కొండ మీద పడింది. వానలు వెనకబట్టి గడ్డి అంతా ఎండిపోయిన రోజులు, కొండ మొత్తం పసుపుగా మెరుస్తోంది. నేను కళ్లు చిట్లించి వెతికాను. మళ్లీ వెతికాను. నా ఆఫీసు లేదు! అంత పొడుగు బిల్డింగు, నిన్నటిదాకా నేను మురిసిపోయి చూసుకున్న బిల్డింగు, గడ్డిలో కలిసిపోయింది. ఓడిపోవడం ఇష్టం లేక, కొంచెం ముదురు పసుపుగా కనిపించినదాన్ని చూపించి "అదిగో" అన్నాను.

"అది నాయుడుగారి గడ్డికుప్ప బాబూ" అన్నాడు ఎర్రయ్య.

అంత వాంతుల్లోనూ నాయుడుగారు తలెత్తారు. "నా గడ్డికుప్పని ఆఫీసంటారేటండి ఈవోగారూ!" పడవంతా గొల్లుమంది. నేనూ నవ్వాను.

అప్పుడు ఎర్రయ్య చెయ్యి చాపి చూపించాడు. కొండ నెత్తిన ఒక పెద్ద గుండ్రాయి ఉంది. "ఆ రాయికి సరిగ్గా కింద ఆఫీసు గోడ తెల్లగా నిలబడాల. అటుపక్క లైటుహౌసు కొండ అంచు దాటి ఇవతలికి రావాల. రెండూ కుదిరిన కాడే కింద బండ ఉంటాది. మా అయ్య కనిపెట్టినాడు. లైటుహౌసు ఉంది, గుండ్రాయి ఉంది. దాని కింద ఏటీ నేదు." తాడుకి కట్టిన రాయిని నీళ్లలోకి జారవిడిచి పైకి లాగాడు. దానికి ఇసక అంటుకుని వచ్చింది. ఇంకో చోట వేశాడు, ఇసకే. చుట్టూ ఆరు తెప్పలు అటొకటీ ఇటొకటీ ఇలాగే రాళ్లు వేసుకుంటూ తిరుగుతున్నాయి. "సిన్నప్పట్నించీ వత్తన్న సోటు బాబూ. నా ఇంట్లో నానే దారి తప్పినట్టుంది" అన్నాడు, తాడు చుట్టుకుంటూ.

నాకు ఏడుపొచ్చినంత పనయింది. నిన్న ఇతన్ని బుర్రలేనివాడన్నాను. ఇంత నీళ్ల మీద, గీత లేదు, గుర్తు లేదు, ఒక గోడనీ ఒక రాయినీ పట్టుకుని కింద ఎక్కడో ఉన్న బండని వెతికి పట్టుకునే మనిషిని! "తప్పయిపోయింది ఎర్రయ్యా. గోడ మళ్లీ తెల్లగా చేయిస్తాను" అన్నాను. ఎర్రయ్య తాగమని మంచినీళ్ల ముంత అందించాడు.

ఒడ్డుకి చేరాక నాయుడుగారు ఇసకలో చతికిలబడ్డారు. తేరుకున్నాక అన్నారు: "ఈవోగారూ, అక్కడ్నించి మనూరు ఎంత బాగుందండీ! ఇన్నేళ్లొచ్చినాయి, ఒక్కపాలి కూడా సూడనేదు."

మాటిచ్చాను గానీ చిక్కు అక్కడే ఉంది. ఒకసారి చేసిన తీర్మానాన్ని మూడు నెలలలోపు మార్చాలంటే సభ్యుల్లో కనీసం సగం మంది ఒప్పుకోవాలి. అంటే ఐదుగురు. కిందవాళ్లు నలుగురే. ఆ సోమవారమే ఇన్‌స్పెక్షన్. శనివారం పొద్దున్న అత్యవసర సమావేశం పెట్టాను. పైవాళ్లకి పసుపు రంగు తెగ నచ్చేసింది. "పెళ్లికూతురికి ముస్తాబు సేసి, మళ్లీ మొగం కడిగేత్తారా? ఆఫీసరు సూత్తే నవ్వుతాడు" అన్నాడు ఒకాయన. తక్కినవాళ్లు తలూపారు.

అప్పుడు గోడవారనుంచి నూకాలమ్మ లేచింది. సమావేశంలో ఆవిడ గొంతు వినడం నాకదే మొదలు. "మీరు రోడ్డు మీంచి సూత్తారు. రోడ్డు వైపు పసుపు మీకే ఉంచుకోండి, బాగానే ఉంది. మేం సంద్రంలోంచి సూత్తాం. సంద్రం వైపు గోడొకటీ మాకిచ్చేయండి. మీ తోటలు మేం అడగనేదు, మీ నూతులు అడగనేదు. గోడే కదా బాబూ, అదీ ఎనక గోడ."

ఎంత తేలికైన మాట! చదువుకున్న నాకు రెండు రోజులుగా తట్టలేదది. నలుగురు చేతులెత్తారు. పైవాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. నాయుడుగారు నెమ్మదిగా చెయ్యెత్తి, "నాను ఎల్లి సూసొచ్చినాను. కాదన్నోలు కూడా ఎల్లి సూసొచ్చి కాదనండి. పడవ సిద్దంగానే ఉంది" అన్నారు. ఆయన పడవ ప్రయాణం సంగతి అప్పటికే ఊరంతా తెలుసు. గబగబా మిగతా ఐదు చేతులూ లేచాయి.

ఆదివారం తెల్లారేసరికి మస్తాన్ సాహెబుని పిలిపించాం. సంగతి విని గడ్డం నిమురుకున్నాడు. "అరే సాబ్, ఇది వదిలే పసుపు కాదు. నేనే కదా వేసింది, గట్టిగా వేశా. ఒక్క పూత వేస్తే కింద నుంచి తొంగి చూస్తుంది. మూడు పూతలు కావాలి, దానికి సున్నం చాలదు."

సున్నం సంగతి నూకాలమ్మ చూసుకుంది. ఒడ్డున గవ్వలూ గుల్లలూ ఏరి కాల్చి చేసుకున్న గుల్లసున్నం ఆడవాళ్లు చేపలగంపల్లో నింపుకుని మెట్టెక్కి తెచ్చారు. పైవాళ్లు తోటల్లోంచి నిచ్చెనలు మోసుకొచ్చారు. ఎవరు రైతో ఎవరు జాలరో తెలీకుండా అందరి జుట్టూ తెల్లబడిపోయింది. ఒక పూత ఆరేదాకా నాయుడుగారింట్లోంచి వచ్చిన అటుకులూ బెల్లమూ తింటూ కూర్చున్నాం. మస్తాన్ సాహెబు మూడో పూత ముగించి నాలుగడుగులు వెనక్కొచ్చి చూసి, "ఖుదా కసం, పాలలా ఉంది" అన్నాడు. కూలి పుచ్చుకోమంటే ఆ ఒక్కరోజుకీ వద్దన్నాడు, నాలుగు వంజరాలు దొరికితే ఒకటి తనకి పంపమన్నాడు.

సోమవారం తొమ్మిదింటికి అధికారి వచ్చారు. సన్నగా, కళ్లద్దాలతో, అనవసరంగా ఒక్క మాట మాట్లాడని మనిషి. ఆఫీసు చుట్టూ ఒకసారి తిరిగారు. "ముందంతా పసుపు, వెనక తెలుపు. రంగు చాల్లేదా?" అన్నారు. వచ్చి కూర్చుని మినిట్స్ బుక్కు తీశారు. మొదటి తీర్మానం చదివారు, రెండోది చదివారు. "నాలుగు వైపులా పసుపు వేయాలని పదిమందీ ఏకగ్రీవంగా అన్నారు. మూడు వారాలు తిరక్కుండానే ఒక గోడ తెలుపు చేయాలని మళ్లీ పదిమందీ అన్నారు. ఏం జరిగింది?"

జవాబు ముందే తయారు చేసి పెట్టుకున్నాను. ప్రజాభిప్రాయం మేరకు పునఃపరిశీలన, వగైరా. చెప్పబోతూ తలెత్తాను. గుమ్మంలో నూకాలమ్మ నుంచుని ఉంది. నన్ను బెదిరించడానికి కాదు, కింద తెప్పలింకా రాలేదు, కంగారుగా అటూ ఇటూ తిరుగుతూ అక్కడ ఆగింది. ఆవిడ ముందు ఆ మాటలు నా నోట రాలేదు.

"సార్, మొదటి తీర్మానానికి సంతకాలు పెట్టినప్పుడు పేజీ ఖాళీగా ఉంది. పసుపు రంగు వాళ్లు అనలేదు. తర్వాత నేనే రాసుకున్నాను" అన్నాను.

నాయుడుగారు పెద్దగా దగ్గారు, నా మాట వినబడకుండా చేద్దామని. అధికారి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. సరిగ్గా అప్పుడే కింద ఒడ్డు నుంచి కేకలు వినిపించాయి. ఆడవాళ్ల కేకలు, వాటిలోంచి నవ్వులు. నూకాలమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మెట్ల మీదుగా దిగి పరుగెత్తింది. అధికారి లేచి వెనక వరండాలోకి నడిచారు, ఆయన వెనక మేం. ఏడు తెప్పలూ ఒడ్డుకొచ్చి ఉన్నాయి. వాటి చుట్టూ ఊరు ఊరంతా మూగింది.

కాసేపటికి ఎర్రయ్య పైకి పరుగెత్తుకొచ్చాడు. ఒళ్లంతా తడి, చేతిలో మోచెయ్యంత కాదు, నిలువునా కాలంత వంజరం. పక్కన ఎవరున్నారో చూడనే లేదు. "దొరికింది బాబూ! పొద్దు పొడిసేసరికి గోడ పళ్లికిలించినట్టు కనపడింది! మొదటి రాయే ఠంగుమని బండ మీద పడింది!" అంటూ నన్ను వాటేసుకున్నాడు. ఇన్‌స్పెక్షన్ కోసం గంజి పెట్టించిన నా తెల్లచొక్కా నిండా చేప పొలుసులు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. అంత సంతోషం నా పెళ్లిలో కూడా పడలేదంటే మా ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోదు.

అధికారి ఎర్రయ్యని కూర్చోబెట్టి మొదట్నుంచీ చెప్పించుకున్నారు. ఎర్రయ్య ఆఫీసు గచ్చు మీద సుద్దముక్కతో గుండ్రాయి, గోడ, లైటుహౌసు, బండ అన్నీ గీసి చూపించాడు. ఆయన కూడా కింద కూర్చుని, ఆ గీతల మీద వేలు పెట్టి ప్రశ్నలడిగారు. అరగంటనుకున్న ఇన్‌స్పెక్షన్ మధ్యాహ్నం భోజనందాకా సాగింది. భోజనంలో ఏం కూరో చెప్పక్కర్లేదు.

వెళ్లే ముందు నోట్ రాసి నా చేతికిచ్చారు. రెండే అంశాలు. ఖాళీ పేజీ మీద సంతకాలు తీసుకోవడం తీవ్రమైన తప్పు, అందుకు ప్రొబేషన్ ఆరు నెలలు పొడిగించాలని సిఫార్సు చేస్తున్నానన్నది మొదటిది. ఈ కార్యాలయపు సముద్రం వైపు గోడకి ఏటా చేపల కాలానికి ముందే వెల్ల వేయించాలి, వేరే ఏ రంగూ వేయరాదన్నది రెండోది. "మొదటిది నీకు, రెండోది ఊరికి" అన్నారు జీపెక్కుతూ. ఆరు నెలలు ఆలస్యమైనందుకు బాధపడ్డాను గానీ ఆయన మీద కోపం రాలేదు. నాలాంటి కోపిష్టికి అదే పెద్ద విశేషం.

డిసెంబరు సమావేశంలో సంతకాల కంటే ముందే తీర్మానాలు రాశాను. రాసి, లేచి నుంచుని, ఒక్కో వాక్యం చదివి వినిపించాను. పైవాళ్లు ఆవులించారు, టీ చల్లారిపోయింది. అంతా అయ్యాక నూకాలమ్మ ముందుకి జరిగి కూర్చుంది. "ఇంత బాగా సదువుతావని తెల్దు బాబూ. ఇన్నాళ్లూ టీ తాగేసి ఎల్లిపోయినాం" అని, వీధి దీపాల తీర్మానం ఇంకోసారి చదవమంది. మళ్లీ చదివాను. కింద నూతి దగ్గర దీపం రాయడం మర్చిపోయానని ఆవిడ పట్టుకుంది.

ఆ తర్వాత చాలా పంచాయతీల్లో చేశాను. ఉక్కునగరం కడుతున్న రోజుల్లో దాని పక్క ఊళ్లలో చేశాను, ఏజెన్సీ కొండల్లో చేశాను. రాసినది చదివి వినిపించకుండా ఒక్క సంతకం తీసుకోలేదు. చదువుతుంటే ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు చెయ్యెత్తి ఆపుతారు. మొదట్లోలాగే ఒక్క క్షణం కోపం వస్తుంది. కలం పక్కన పెట్టి, "చెప్పండి" అంటాను.